లైటు ఈడ పట్టరా

మా నాయన నాతో ఎక్కువసార్లు అన్న మాట "బాగా చదువుకో" కాదు. "లైటు ఈడ పట్టరా."

సీతారామపురం దగ్గర, వెలిగొండల కింద మాకు నాలుగెకరాల చేను, అందులో ఒక రాతికట్టు బావి ఉండేది. త్రీఫేజ్ కరెంటు ఒక వారం పగలు, ఒక వారం రాత్రి ఇచ్చే రోజులు. రాత్రి వంతు వచ్చినప్పుడు మోటారు వేస్తే ఒక్కోసారి తిరిగేది కానీ నీళ్ళు ఎత్తేది కాదు. అడుగున ఫుట్‌వాల్వులో చెత్తో పుల్లో ఇరుక్కుందన్నమాట. నాయన లుంగీని గోచీలా బిగించి, గోడలోంచి పొడుచుకొచ్చిన రాళ్ళ మీద కాలు మోపుకుంటూ దిగేవాడు. నేను గట్టు మీద బోర్లా పడుకుని మూడు బ్యాటరీల ఎవరెడీ టార్చి పట్టాలి. చెయ్యి లాగితే చెయ్యి మార్చుకోవచ్చు. వెలుగు మాత్రం ఆయన కాలు తర్వాత ఆనబోయే రాయి మీద ఉండాలి.

నాకు పదేళ్ళప్పుడు, అలాంటి ఒక రాత్రి, అవతలి గోడ వెంబడి నీళ్ళ మీద నీరుకట్టె ఒకటి పోయింది. తల పైకెత్తుకుని, వెనక సన్నటి గీత వదులుకుంటూ. టార్చి దాని వెంట పోయింది. కావాలని తిప్పలేదు. కన్ను పోయిన చోటికి చెయ్యి పోయింది, అంతే. నాయన కాలు జారింది. గడ్డం రాతికి కొట్టుకుని నీళ్ళలో పడ్డాడు. పైకొచ్చి, తువ్వాలు గడ్డానికి అదుముకుని అడిగాడు.

"ఏం జూస్తన్నావురా?"

"పాము నాయనా."

"దానికి దారి తెలుసు. తెలీంది నాకే."

తిట్టలేదు, కొట్టలేదు. ఆ మాట నాతో ఉండిపోయింది, మచ్చ ఆయన గడ్డం కింద ఉండిపోయింది.

*

ఈ వ్యాసం నిజానికి బావి గురించి కాదు. నీళ్ళు నిండిన గుహల్లో వీడియో తీసేటప్పుడు లైటు పట్టడం గురించి. ఆ పని నేను కొన్నాళ్ళు చేశాను. ఒకసారి సరిగ్గా చెయ్యలేదు. అందుకే రాస్తున్నాను.

ఉద్యోగం కోసం నాలుగేళ్ళు ఫ్లోరిడాలో ఉన్నాను. ఆ నేల కింద అంతా సున్నపురాయి. వాననీళ్ళు దాన్ని కరిగించుకుంటూ పోయి మైళ్ళకొద్దీ సొరంగాలు చేశాయి. అవి పైకి తెరుచుకున్న చోట ఊటలయ్యాయి. ఉత్తర ఫ్లోరిడాలో హై స్ప్రింగ్స్ అనే చిన్న ఊరి దగ్గర, శాంటా ఫే నది ఒడ్డున జిన్నీ స్ప్రింగ్స్ అని ఒక చోటుంది. గుహ డైవర్లకి అదొక పుణ్యక్షేత్రం లాంటిది. ఏడాది పొడవునా నీళ్ళు 22 డిగ్రీల దగ్గరే ఉంటాయి, గాజులా ఉంటాయి.

అక్కడ నన్ను మొదట ఆపేసింది ఒక నియమం. మామూలు స్కూబా సర్టిఫికెట్ మాత్రమే ఉన్నవాళ్ళు అక్కడి డెవిల్స్ ఊటల్లో దిగొచ్చు, కానీ లైటు తీసుకెళ్ళకూడదు. చిన్న టార్చి కూడా. నాకు ముందు అర్థం కాలేదు. గుహ నోట్లోకి వెళ్ళే మనిషి దగ్గర లైటు లాక్కోవడమేమిటి? జాగ్రత్త అంటే ఇంకో లైటు ఇవ్వడం కదా?

తర్వాత తెలిసింది. లైటు లేనివాడు పగటి వెలుగు అందినంత దూరమే పోతాడు. చేతిలో లైటుంటే ఇంకో పదడుగులు, ఆ మలుపు దాకా, ఆ మలుపు తర్వాత ఏముందో ఒక్కసారి చూసి వచ్చేద్దాం అనిపిస్తుంది. ఈలోగా కాలి రెక్కలు అడుగున ఉన్న మెత్తటి ఒండ్రుని లేపుతాయి. వెనక్కి తిరిగేసరికి దారి ఉండదు. చీకటంటే అజ్ఞానమనీ వెలుగంటే జ్ఞానమనీ నమ్ముతూ పెరిగాం కాబట్టి ఈ నియమం నాకు చెంపదెబ్బలా తగిలింది. ఒక్కోసారి వెలుగే మనిషిని దారి తప్పిస్తుంది.

గుహ కోర్సులన్నీ పూర్తి కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. షెక్ ఎక్స్‌లీ అనే డైవరు, గుహల్లో చనిపోయినవాళ్ళ ఉదంతాలు ఒక్కొక్కటీ విడదీసి చూసి, 1979లో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఇప్పుడు అందరూ నేర్చుకునే నియమాలు చాలావరకూ ఆ చావుల్లోంచి వచ్చినవే. బయటి నుంచి లోపలి దాకా తెగని తాడు ఉండాలి. మనిషికి మూడు లైట్లు ఉండాలి. సిలిండర్లో గాలి మూడు వంతులు: ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి, మూడోది ముట్టుకోకూడదు. ఆ మూడో వంతు ఆపద కోసం. ముఖ్యంగా పక్కవాడి గాలి అయిపోతే ఇద్దరూ కలిసి బయటపడడానికి. నా వీపు మీదున్న గాలిలో ఒక వంతు నాది కాదన్న ఊహ నాకు ఏ నీతిశాస్త్రంలోనూ ఇంత సూటిగా కనపడలేదు.

ఇంకొకటి కూడా నేర్పుతారు. నీళ్ళలో నోరుండదు, చీకట్లో సైగ కనపడదు. కాబట్టి లైటే మాట. గోడ మీద వెలుగుని గుండ్రంగా తిప్పితే 'బాగున్నాను'. అటూ ఇటూ గబగబా ఊపితే 'ఆపద, ఇటు చూడు'.

*

ఆ కోర్సుల్లో పరిచయమైన కొందరు ఆ ఊటల మీద చిన్న డాక్యుమెంటరీ మొదలుపెట్టారు. డబ్బున్న సినిమా కాదు, సెలవు రోజుల సినిమా. లైటు పట్టడానికి మనిషి కావాలన్నారు. వస్తానన్నాను.

కెమెరాకే లైటు బిగించుకోవచ్చు కదా, వేరే మనిషెందుకు అని మీకు అనిపించొచ్చు. పొగమంచులో కారు హైబీమ్ వేసి చూడండి. రోడ్డు కనపడదు, మంచే కనపడుతుంది. ఎంత తేటనీళ్ళలోనైనా నలుసులుంటాయి. లైటు కెమెరా పక్కనే ఉంటే అవన్నీ వెలిగి, బొమ్మ నిండా దూది రేగినట్టుంటుంది. పైగా నీళ్ళు ముందు ఎరుపుని మింగేస్తాయి, తర్వాత మిగతా రంగుల్ని. దూరం నుంచి వేసిన లైటు రాయి దాకా చేరేసరికి నీలంగా, చచ్చుగా అవుతుంది. అందుకని లైటు కెమెరాకి దూరంగా, రాయికి దగ్గరగా, పక్క నుంచో వెనక నుంచో పడాలి. అంటే మోసుకెళ్ళే మనిషి కావాలి.

ఆ మనిషి చెయ్యాల్సినవాటికన్నా చెయ్యకూడనివే ఎక్కువ. ఒండ్రు లేపకూడదు. కెమెరాలో కనపడకూడదు. ఎవరి కళ్ళలోకీ లైటు కొట్టకూడదు. ఒకేచోట ఎక్కువసేపు ఊపిరి వదలకూడదు, ఎందుకంటే బుడగలు పైకప్పుకి తగిలి అక్కడి మట్టి వానలా రాలుతుంది. లైటు పట్టడం తొంభై పాళ్ళు లేనట్టు ఉండడమే.

ఆ రోజు మేం నలుగురం. ఒకరు కెమెరా, ఒకామె కెమెరా ముందు ఈదాలి, ఇద్దరం లైట్లు. నేను ఒక రాతి బుడిపె వెనక దాక్కుని ఆమె వెనక నుంచి వెలుగు వెయ్యాలి. నా చేతిలోది 15,000 ల్యూమెన్ల వీడియో లైటు. వెయ్యగానే తెల్లటి గోడ మొత్తం ఒక్కసారిగా బయటపడింది, వెన్న గిన్నెలో వేలితో తీసినట్టు గుంటలు గుంటలుగా. ఆ గోడ మీద ఆమె నీడ. ఆమె చేతిలోని చిన్న లైటు ఆ వెలుగు మడుగు అంచున సన్నగా అటూ ఇటూ కదులుతోంది.

నేను దాన్ని చూడలేదని చెప్పలేను. చూశాను. 'ఎంత బాగుంది' అనుకున్నాను.

ఆమె సిలిండరు వాల్వుకి తాడు చుట్టుకుంది. చెయ్యి వెనక్కి అందడం లేదు. ఆమె పిలుస్తోంది. ఆ పిలుపు వెళ్ళి నా పెద్ద లైటు వెలుగులో పడి సగం చెరిగిపోయింది. మిగిలిన సగాన్ని నేను షాటులో భాగం అనుకున్నాను. రెండో లైటు పట్టిన పెద్దాయన తన లైటు పక్కకి తిప్పేసి, ఈదుకుంటూ వెళ్ళి తాడు విడిపించాడు. అర నిమిషం పట్టిందేమో. ఏమీ కాలేదు. ఆమెకి గాలి చాలినంత ఉంది, కంగారు పడలేదు. నిజంగానే ఏమీ కాలేదు.

ఒడ్డుకి వచ్చాక కూడా నన్నెవరూ ఏమీ అనలేదు. ఆ పెద్దాయన మాత్రం సామాను సర్దుకుంటూ ఒక మాట చెప్పాడు. ఫ్రేము చూడడానికి ఒక మనిషి ఉన్నాడు, నువ్వు అక్కడున్నది ఆమెని చూడడానికి అని. నాకు మా బావి గుర్తొచ్చింది.

*

అప్పటి నుంచి నాకు లైట్లు రెండు రకాలుగా కనిపిస్తున్నాయి. చూసుకునే లైటు, చూపించే లైటు. మొదటిది అక్కడున్న మనిషి కోసం. రెండోది అక్కడ లేని మనిషి కోసం, అంటే రేపెప్పుడో సోఫాలో కూర్చుని చూడబోయే ప్రేక్షకుడి కోసం. గుహ డైవర్లు ఈ తేడాని లెక్కల్లోనే పెట్టుకున్నారు: వీడియో లైటు ఎంత పెద్దదైనా ఆ మూడు లైట్లలో ఒకటిగా లెక్కించరు. చూపించే లైటుని నమ్ముకుని ఎవరూ లోపలికి పోకూడదు.

ఆఫీసులో కూడా నాకు ఈ రెండూ తెలుసు. మేనేజర్ల ముందు డెమోలో మెరిసే డాష్‌బోర్డు ఒకటి, రాత్రి రెండింటికి సర్వరు పడిపోతే నిద్రకళ్ళతో వెతుక్కునే లాగ్ ఒకటి. మొదటిదానికి పెట్టిన శ్రద్ధ రెండోదానికి పెట్టని ప్రాజెక్టులు నేను చూశాను, చేశాను. ఇక రోడ్డు మీద యాక్సిడెంటు చుట్టూ వెలిగే ఫోన్ల సంగతి చెప్పక్కర్లేదు. పడిపోయిన మనిషి మీద అంత వెలుగుంటుంది, ఆ వెలుగులో ఎవరూ అతన్ని చూడరు.

ఈ తేడా ప్రాణం మీదికి వచ్చిన సందర్భం ఒకటుంది. దక్షిణాఫ్రికాలో బుష్‌మన్స్ హోల్ అనే నీటి గుహలో 1994లో డియోన్ డ్రయర్ అనే యువకుడు చనిపోయాడు. పదేళ్ళ తర్వాత, 2004లో, డేవ్ షా అనే డైవరు 270 మీటర్ల లోతున అతని శరీరాన్ని చూశాడు. కొడుకుని తెచ్చి తల్లిదండ్రులకి అప్పగిస్తానని 2005 జనవరి 8న మళ్ళీ దిగాడు. ఈసారి హెల్మెట్‌కి కెమెరా బిగించుకున్నాడు. రెండు చేతులతో పని చెయ్యాల్సి వస్తే లైటు తీగని మెడ వెనక వేసుకోవడం అతని అలవాటు. హెల్మెట్ మీద కెమెరా ఉండడంతో ఆ రోజు అది కుదరలేదు. లైటు పక్కన వదిలాడు. అది తాళ్ళలో చిక్కుకుంది. ఆ లోతులో పెనుగులాట అంటే ఊపిరి చాలకపోవడం. అతను తిరిగి రాలేదు. జరిగిందంతా ఆ కెమెరాలోనే రికార్డయింది. నాలుగు రోజుల తర్వాత తాళ్ళు పైకి లాగుతుంటే రెండు శరీరాలూ వచ్చాయి.

కెమెరా వల్లే చనిపోయాడని తేల్చెయ్యడం తేలిక, అన్యాయం కూడా. లోతు, అలసట, అనుకున్నట్టు లేని శరీరం, అన్నీ కలిశాయి. కానీ చూపించే పరికరం వచ్చి చూసుకునే లైటుని ఎప్పుడూ ఉండే చోటు నుంచి జరిపింది. ఆ జరగడం చాలా చిన్నది. నా టార్చి బావిలో జరిగినంత.

*

అలాగని చూపించడమే తప్పా? కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. మళ్ళీ లైటు పట్టనన్నాను.

చూపించకూడదనడానికి కారణాలు బోలెడున్నాయి. గుహకి మన వెలుగు అక్కర్లేదు. పల్నాడులో గుత్తికొండ బిలం ఉంది కదా, దాని నీళ్ళలో బతికే కళ్ళు లేని ఒక చిన్న జీవిని 2011లో శాస్త్రవేత్తలు యెనుముల రంగారెడ్డి, జార్జ్ విల్సన్ లోకానికి పరిచయం చేశారు. దాని ప్రజాతికి ఆంధ్ర పేరు మీద ఆంధ్రకాయిడీస్ అని పెట్టారు. దాని దగ్గరి చుట్టాలు ఆస్ట్రేలియా వైపున్నాయి. ఖండాలు విడిపోకముందు నుంచీ వస్తున్న వంశం. దాని లోకంలో లైటు అనేది లేనే లేదు. మనం వెలిగిస్తే దానికి ఒరిగేదేమీ లేదు.

కానీ ఆ జీవి ఉందని నాకెలా తెలిసింది? ఎవరో లోపలికి వెళ్ళి, చూసి, మనకి చూపిస్తేనే కదా. ఫ్లోరిడాలో వెస్ స్కైల్స్ అనే గుహ డైవరు 2003లో వాటర్స్ జర్నీ అనే డాక్యుమెంటరీ తీశాడు. కింద గుహలో డైవర్లు ఈదుతూ పోతుంటే, పైన నేల మీద మనుషులు రేడియో సంకేతంతో వాళ్ళని వెంబడిస్తారు. డైవర్ల నెత్తి మీద రోడ్డు వస్తుంది, హోటలు వస్తుంది. మనం తాగే నీళ్ళు మన కాళ్ళ కింద ఎలా పోతున్నాయో, పైన పారబోసింది ఎక్కడికి చేరుతుందో చూసినవాడికి మళ్ళీ చెప్పక్కర్లేదు. బోరు మీద బోరు వేసి, ఎండిపోతే ఇంకోటి వేసే మా వైపు రైతులకి కాళ్ళ కింది నీళ్ళని ఎవరైనా అలా చూపించి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది. చూపించడం అవసరం. కొన్నిటికి అదొక్కటే రక్ష.

కాబట్టి సమస్య చూపించడంలో లేదు. చూపిస్తున్నవాడి కన్ను ఎక్కడుందన్నదే సమస్య. గుత్తికొండలో చెప్పుకునే ముచుకుందుడి కథ తెలుసుగా. కృష్ణుణ్ణి తరుముతూ కాలయవనుడు బిలంలోకి దూరతాడు. చీకట్లో ఒకడు పడుకుని ఉంటాడు. తాను వెతుకుతున్నవాడే అనుకుని తంతాడు. లేచి చూసిన ముచుకుందుడి చూపుకి బూడిదవుతాడు. నాకిప్పుడు ఆ కథలో కనిపించేది కాలయవనుడి తొందర. ఎదురుగా ఉన్న మనిషిలో తాను వెతుకుతున్నదాన్నే చూశాడు. నేనూ అంతే. వెతుకుతున్నది మంచి షాటు. పిలుస్తున్న మనిషిలో షాటు కనపడింది.

ఈ వ్యాసం మొదట ఇంకోలా రాద్దామనుకున్నాను. పెళ్ళి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ లైట్లు నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్ళ గురించి, యాభై ఏళ్ళొచ్చినా 'లైట్ బాయ్' అనిపించుకునేవాళ్ళ గురించి. ఊరంతటికీ వెలుగు వాళ్ళది, నీడ వాళ్ళ ముఖాలది. అది నిజమైన అన్యాయమే, దాని గురించి రాయాల్సింది చాలా ఉంది. కానీ నా సంగతి అది కాదు. నేను కనపడకపోవడం నాకు జరిగిన అన్యాయం కాదు, నా పని. కనపడకుండా ఉన్నందుకు నాకు దొరికింది ఒక్కటే: అందరూ వేరేదేదో చూస్తున్నప్పుడు ఆమెని చూసే తీరిక. దాన్నే నేను వృథా చేశాను.

*

సినిమా పదకొండు నిమిషాలొచ్చింది. ఆ షాటు అందులో ఉంది. తీసెయ్యమని నేనడిగాను. ఆమే వద్దంది. జరిగిందే కదా, ఉండనీ అంది. ఉంచడం సరైనదేనా అని నాకిప్పటికీ తేలలేదు. హైదరాబాదులో స్నేహితులకి చూపిస్తే అందరూ అక్కడే ఆపి, ఆ చిన్న వెలుగు ఊగడం అద్భుతంగా ఉందన్నారు. ఒకతను దాన్ని వాల్‌పేపర్‌గా పెట్టుకుంటానన్నాడు. నేనేమీ చెప్పలేదు. చెబితే నా తప్పు చెప్పాలి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాయనకి ఫోన్లో చూపించాను. అద్దాలు పెట్టుకుని, ఫోను చేతికందినంత దూరంలో పట్టుకుని చూశాడు. ఆ షాటు దగ్గరికొచ్చేసరికి ముఖం చిట్లించాడు.

"ఆ పిల్ల ఎవర్నో పిలస్తాందిరా."

నాకు కాసేపు మాట రాలేదు. "నీకెట్టా తెలిసింది నాయనా?"

"ఊరికే ఎవరన్నా లైటు అట్టా ఊపుతారా?" అని, ఆగి అడిగాడు. "పలికారా ఎవరైనా?"

పలికారన్నాను. నేను కాదని చెప్పాను. ఆయన ఊఁ అని ఫోను నాకిచ్చేశాడు.

ఆ రాత్రి బోరు మోటారు ఆగిపోయింది. బావి పూడి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు దిగడాలు లేవు, గట్టు మీద స్టార్టరు పెట్టె ఒకటే. ఆయన పెట్టె తెరిచాడు, నేను ఫోను లైటు వేశాను. ఎక్కడ పట్టాలో చెప్పలేదు. పెట్టె మూత వెనక నుంచి పెద్ద బల్లి ఒకటి బయటికొచ్చి గోడెక్కింది. చూశాను. లైటు కదల్లేదు. కదల్లేదనే అనుకుంటున్నాను. నాయనైతే ఏమీ అనలేదు.